హుసేనయ్య తాత విప్పిన జోళ్లు

మాబున్ని కట్టిన ప్రతి జతనూ హుసేనయ్య తాత విప్పేసేవాడు.

మూడేళ్లలో పదిహేడు జతలు. పసిబిడ్డల కాళ్లకు ఆమె ఎంతో ముద్దుగా ముడివేసిన పదిహేడు జతల గుడ్డజోళ్లు. తాత వచ్చేవాడు, వంగి చూసేవాడు, ముసలివేళ్లతో ముడి లాగేసేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. వేరే జత తనే తెచ్చి కట్టి, బిడ్డ అరికాలిని ఒకసారి కళ్లకద్దుకుని పంపేసేవాడు.

మాబున్ని పళ్లు బిగబట్టుకుని ఊరుకునేది. ఒక్క కన్నీటిచుక్క కూడా రాల్చలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆమెకు తన మీద తనకు గర్వం.

తాత ఉండేది గాలిగుండు కొండ మీద, ఒక చిన్న తకియాలో. తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు, ఫకీరు తల వాల్చుకునే చోటు. తాత గురువుగారి గోరీ, దాని పక్కన రాతి అరుగు, నీళ్ల ఊట, గాలికి ఎప్పుడూ తపతపలాడే ఆకుపచ్చ జెండా. అంతే. ఆ కొండ చుట్టూ ఉన్న ఊళ్లలో ఏ కులం వాళ్లయినా సరే, బిడ్డకు ఐదో నెల రాగానే పైకెత్తుకొస్తారు. తకియాలో కుట్టిన జోళ్లు బిడ్డ కాళ్లకు కట్టించుకుని పోతారు. తొలిజోడు అంటారు దాన్ని.

ఆ కొండ ఎక్కడమే ఒక వింత. మొదటిమెట్టు దగ్గర ఎండ మాడుస్తుంది. నడిమెట్ల దగ్గరకు రాగానే ముఖానికి తడిగాలి కొడుతుంది. పైకి వచ్చేసరికి చెవులు చల్లబడిపోతాయి. ఒక్క పూటలో మూడు కాలాలు దాటుకుని వస్తుంది బిడ్డ. అందుకే ఏ బిడ్డకు ఏ గుడ్డ అనేది అక్కడ పెద్ద విద్య.

మాబున్ని దూదేకుల ఇంటి పిల్ల. నాన్న పోయిన నలభయ్యో రోజు అన్న కాసింసాబు ఆమెతో అన్నాడు, "ఆడదానివి, దూది ఏరుకో చాలు. సూదీ కత్తెరా నావి" అని. ఆ మాటకు ఆమె ఒళ్లోని దూదిగంపను తీసుకెళ్లి వాకిట్లో బోర్లించింది. తెల్లటి దూది వీధంతా ఎగిరింది. ఆ దూదిలోంచే నడుచుకుంటూ కొండ మీదికి, తాత దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేసింది.

"సూది చేతికొచ్చాకే ఈ గడప తొక్కుతా!"

సూదంటే ఆమె మనసులో ఉన్నది మామూలు సూది కాదు. తాత నడుముకు వేలాడే వెదురుగొట్టంలోని సూదులు. ఆయన గురువు వాడినవి, ఆ గురువుకు గురువు వాడినవి. ఆ గొట్టం ఎవరి చేతికి వస్తే తకియా పని వాళ్లది. ఆ గొట్టం కట్టిన దారాన్ని తాత నడుమునుంచి విప్పగా ఎవరూ చూడలేదు.

గోరీకి గంధం పూసే పండగకు వారం ముందు కాసింసాబు కొండెక్కి వచ్చాడు.

"గంధం పండగనాడు మళ్లీ వస్తా. అప్పటికి ఆ గొట్టం నీ నడుముకు లేకపోతే మూట కట్టుకుని నా వెంట దిగాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా పో" అంది మాబున్ని పొగరుగా.

ఆ ఏడు గంధం పుష్యమాసంలో పడింది. కోటలోని పెద్ద దొరసాని చెన్నమ్మగారు మనవణ్ణి తొలిజోడుకు తెస్తున్నట్టు ముందే కబురొచ్చింది. మాబున్ని అప్పటికి నలభై రోజులుగా ఒకే జత మీద కూర్చునుంది. దానిమ్మగింజ రంగు మఖమల్. మునివేలంత చోటులో జరీపోగుతో ఒక్కొక్క చుక్క. లోపలి అస్తరుకు మేలురకం ఉన్ని. అందులో వేలు పెడితే పిచ్చుకగూట్లో పెట్టినట్టుండేది. పొద్దుటే బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకుని దాని అంచులు ఒత్తుతుంటే తాత వచ్చి నిలబడ్డాడు. జోడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బాగుంది."

మూడేళ్లలో ఆ మాట వినడం అదే మొదలు. మాబున్ని కళ్లముందు కొండంతా ఒక్క క్షణం పూసినట్టయింది.

"ఎవరికి?" అన్నాడు తాత.

"దొరసానమ్మ మనవడికి."

"బిడ్డ ఎట్లుంటాడు?"

"నేనింకా చూళ్లేదు."

"చూడకుండానే ఉన్ని వేసినావా?"

"చూసేదేముంది తాతా? పుష్యమాసం, పైగా కొండ! ఎండకు మల్లుగుడ్డ. వానకు గబుక్కున ఆరిపోయే పలచటి నేతనూలు. మంచుకు ఫ్లానెల్. కొరికే చలికి ఉన్ని. నువ్వు నేర్పిందే కదా!"

"ఊఁ" అన్నాడు తాత.

ఆ "ఊఁ" అంటే మాబున్నికి ఒళ్లుమంట. దానికి అర్థం ఉండదు, బదులు చెప్పడానికి సందూ ఉండదు. ఇస్త్రీపెట్టెను ఠపీమని రాతి మీద పెట్టింది. తాత అప్పటికే జెండా దగ్గరికి నడిచిపోతున్నాడు.

పొద్దెక్కాక పల్లకీ వచ్చింది. నాలుగువైపులా పట్టుతెరలు, లోపల కుంపటి. చెన్నమ్మ దొరసాని దిగింది, ఆమె వెనకాల బిడ్డను ఎత్తుకుని చిన్న కోడలు రంగమ్మ. బిడ్డ కనిపించడం లేదు. మూడు శాలువాల మూటలోంచి సన్నటి మూలుగు మాత్రం వినిపిస్తోంది. జనం పక్కకు తప్పుకున్నారు. ఆ జనంలో జెండాకర్రకు ఆనుకుని కాసింసాబు నిలబడి ఉన్నాడు. చెల్లెలి నడుముకేసి చూసి ఒకవైపు మూతితో నవ్వాడు.

"జోళ్లు కుట్టింది నువ్వేనా పిల్లా?" అంది దొరసాని.

"నేనే అమ్మా."

"మఖమల్‌దేనా? నూలుగుడ్డ కట్టి పంపిస్తే ఊరుకోను. మా ఇంటి మగబిడ్డ మెట్లు దిగుతుంటే ఊరంతా కాళ్లకేసి చూస్తది."

మాబున్ని చివరిసారి అంచులు ఒత్తుతున్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చేతులు చాచింది. శాలువా అడుగునుంచి చిట్టిపాదం ఒకటి ఆమె అరచేతిలోకి వచ్చింది. ఎంత చిన్నదో! మల్లెమొగ్గల్లాంటి వేళ్లు. ముట్టుకోగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"మంచుగడ్డలా ఉందమ్మా పాదం! ఉన్నే కావాలి."

కట్టింది. కొలత తీసినట్టు సరిపోయింది. జరీచుక్కలు ఎండకు మిలమిలలాడాయి. ఆడవాళ్లు "అబ్బ!" అన్నారు. దొరసాని గడ్డం కొంచెం పైకి లేచింది. మాబున్ని అన్నవైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది.

బిడ్డ కెవ్వుమన్నాడు. ముఖం కందగడ్డయింది. రంగమ్మ ఎంత ఊపినా ఊరుకోలేదు.

తాత వచ్చాడు. వంగాడు. ముడి లాగేశాడు.

అంతమందిలో.

కాసింసాబు పకపకా నవ్విన చప్పుడు మాబున్నికి వీపులో గుచ్చుకుంది. మూడేళ్లుగా బిగబట్టుకున్న పళ్లు విడిపోయాయి.

"ఎందుకు విప్పినావు?" అని అరిచింది. "ఈసారి చెప్పాల్సిందే! నలభై రోజులు కళ్లు పోగొట్టుకుని కుట్టినా. పుష్యమాసం కాదా ఇది? చలి లేదా? పాదం మంచులా లేదా? నా చేత్తో నేను పట్టుకుని చూసినా. నా చేయి అబద్ధం చెప్పదు!"

జనం బిగుసుకుపోయారు. తకియాలో తాత మీద ఎవరూ అంత గొంతు లేపి ఎరగరు.

తాత ముఖం మాత్రం పండగలా ఉంది. "హమ్మయ్య, నోరొచ్చింది!" అన్నాడు.

ఆయన ఆమె రెండు మణికట్లూ పట్టుకుని ఊట దగ్గరికి లాక్కుపోయాడు. ఆమె చేతులు గుంజుకోబోయింది. ముసలాయనకు అంత బలం ఎక్కడిదో! చేతులు రెండూ ఊటనీళ్లలో ముంచి అట్లాగే పట్టుకున్నాడు. పుష్యమాసపు నీళ్లు. ఎముకల దాకా జివ్వుమంది.

"వదులు తాతా!"

"ఊఁ."

వేళ్లు మొద్దుబారాక వదిలాడు. తడి తుడిచి తీసుకొచ్చి, ఆ పాదాన్నే మళ్లీ ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎట్లుంది?"

మధ్యాహ్నపు ఎండలో కాలిన గులకరాయిని పట్టుకున్నట్టుంది.

"చెప్పు పాపా."

"కాలిపోతా ఉంది."

"ఇందాక?"

"చల్లగా ఉండె."

"ఇంతలోకే పాదం మారిందా?"

ఆమె చూపు అరుగు మీది ఇస్త్రీపెట్టె మీద పడింది. సందుల్లో ఇంకా బొగ్గులు ఎర్రగానే ఉన్నాయి. పదిహేడు జతలు కట్టిన పదిహేడు రోజులూ ఆమె ఆ పెట్టె వదిలిన చేత్తోనే పాదం పట్టుకుంది.

తాత, విప్పిన మఖమల్ జోళ్లు ఆమె చేతిలో పెట్టి, పోయి గోరీ పక్కన కూర్చున్నాడు. కళ్లు మూసుకుని ఎండ కాచుకోసాగాడు, అక్కడ జరిగేదానితో తనకేమీ పనిలేనట్టు.

"ముసలాయన కథలు నాకెందుకు? కట్టవే పిల్లా, పొద్దు పోతోంది" అంది దొరసాని.

మాబున్ని కదల్లేదు. దొరసాని ఆమెను పైనుంచి కిందికి ఒకసారి చూసి గొంతు మెత్తగా చేసింది.

"నీ పనితనం నాకు నచ్చింది. ఈ రాళ్లలో ఎందుకు నీకు? మా కోటకు వచ్చేయి. కోటలో కుట్టుపనంతా నీదే, సూదీ నీదే, కత్తెరా నీదే. ఏ మగాడూ నిన్ను ఇదేమని అడగడు. ముందు ఈ జోడు కట్టు."

కాసింసాబు నవ్వు టక్కున ఆగిపోవడం మాబున్నికి వినపడింది. ఈ ఒక్క ముడి వేస్తే చాలు. అన్న ముఖం మీద, తాత "ఊఁ" మీద, మూడేళ్ల అవమానం మీద అన్నిటి మీదా ఒకేసారి గెలవొచ్చు. నలభై రోజులూ కుట్టుకుంటూ కన్న కలంతా ఒక్క ముడి అవతల ఉంది.

బిడ్డ వెక్కుతున్నాడు.

మాబున్ని చేయి చాచబోయి ఆగింది. చేయి నిజం చెప్పడంలేదు కదా. వేడిచేయి ఒకటి చెప్పింది, చల్లచేయి ఇంకొకటి చెప్పింది. మరి దేన్ని నమ్మాలి? తాత బిడ్డల దగ్గర వంగేది గుర్తొచ్చింది. అరికాలిని కళ్లకద్దుకుంటున్నాడని అందరూ అనుకుంటారు. అంతకుముందు, అంత దగ్గరగా వంగినప్పుడు, ఆయన చెంప ఎక్కడ ఆనేది?

ఆమె వంగి శాలువాలు కొంచెం తప్పించింది. తన చెంపను బిడ్డ మెడవెనక ఆనించింది.

చెమట. చిన్నచిన్న చుక్కలుగా, మెడంతా.

ఆమె ఒక శాలువా తీసేసింది. రెండోది తీసేసింది. "ఏయ్!" అంది దొరసాని. మాబున్ని మూడోదీ వదులు చేసింది. ఉత్త కాళ్లు గాలిలోకి వచ్చాయి. కొండగాలి వాటిని తాకింది. బిడ్డ ఏడుపు మధ్యలోనే ఆపేసి, ఎవరో పిలిచినట్టు కళ్లు పెద్దవి చేసుకుని, పది కాలివేళ్లూ విప్పార్చాడు.

"జోళ్లు" అంది దొరసాని.

"కట్టను."

"ఏంటీ?"

"బిడ్డకు ఉడుకుతా ఉందమ్మా. పల్లకీలో కుంపటి, ఒంటి మీద మూడు శాలువాలు. ఇప్పుడు వీడికి ఏ జోడూ వద్దు."

"మా ఇంటి మనవడు ఉత్త కాళ్లతో కొండ దిగాలా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. ఐదు నెలల బిడ్డ తరఫున మాట్లాడుతున్నా. వాడికి నోరు లేదు, నాకుంది."

దొరసాని ముఖం నల్లబడింది. "ఏటేటా ఈ గోరీకి కప్పే చాదర్ మా కోటనుంచే వస్తుంది. వచ్చే ఏడునుంచి రాదు. గుర్తుంచుకో!" అని తాతవైపు తిరిగి అరిచింది. "విన్నావా సాయిబూ? నీ శిష్యురాలి పుణ్యం!"

తాత ఒక కన్ను తెరిచాడు. "గోరీకి చలేస్తే గోరీ చూసుకుంటుందిలే అమ్మా" అని మళ్లీ మూసుకున్నాడు.

దొరసాని గిరుక్కున తిరిగి పల్లకీ ఎక్కింది. రంగమ్మ మాత్రం ఒక్క క్షణం వెనకబడింది. మాబున్ని తాత బుట్టలోంచి పలచటి నేతనూలు జత ఒకటి తీసి ఆమె కొంగులో దాచింది.

"నడిమెట్ల దగ్గర తడిగాలి తగిలితే ఇవి కట్టు అక్కా. కాలు పట్టుకుని చూడొద్దు. మెడకు చెంప ఆనించు."

రంగమ్మ తలూపింది. పోతూ పోతూ పల్లకీలోని కుంపటిని తనే తీసి బయటపెట్టింది. పల్లకీ మెట్లు దిగుతుంటే పట్టుతెర కింది నుంచి రెండు ఉత్త పాదాలు ఆడుతూ కనిపించాయి, ఊరంతటికీ.

కాసింసాబు జెండాకర్ర దగ్గరనుంచి కదిలాడు.

"అయిపోయిందా నీ సూది సంబరం? కోట పనీ పాయె, ముసలాయన గొట్టమూ రాకపాయె. మూట యాడుంది? నడువు."

మాబున్ని మాటిచ్చింది. లోపలికి పోయి మూట తెచ్చుకుంది. మఖమల్ జోళ్లు అరుగు మీదే వదిలేసింది. తాతకు దండం పెడదామని గోరీ దగ్గరికి వచ్చింది.

అప్పుడే మెట్లెక్కి వచ్చింది సుంకులమ్మ. కొండకింద కట్టెలమ్ముకునే మనిషి. నెత్తిన చిన్న కట్టెలమోపు, చంకలో ఆడబిడ్డ. బిడ్డ ఒంటి మీద చిరిగిన పంచెముక్క ఒక్కటే. దారి పొడుగునా గాలి కొట్టింది కాబోలు, బిడ్డ ఏడవడం కూడా లేదు, ఊరికే ముడుచుకుపోయి ఉంది.

"తొలిజోడుకు తెచ్చినా సామీ. కట్టెలు తెచ్చినా పొయ్యికి. ఏదో ఒక పాతగుడ్డయినా కట్టండి" అంది మోపు దించుతూ.

మాబున్ని మూట కింద పెట్టింది.

ఆమె కూర్చుని, బిడ్డను ఒళ్లోకి తీసుకుని, మెడవెనక చెంప ఆనించింది. అదే పుష్యమాసం. అదే కొండ. అదే ఎండ. ఈ మెడ మాత్రం ఊటరాయిలా చల్లగా ఉంది.

ఆమె లేచి అరుగు మీది మఖమల్ జోళ్లు తెచ్చింది.

సుంకులమ్మ బెదిరిపోయింది. "వద్దు తల్లీ! అయ్యి దొరబిడ్డకు కుట్టినయ్యి. మా పిల్లకేంది, మాకు తగునా?"

"కాలికి తగితే చాలు" అంది మాబున్ని.

"దొరసానమ్మకు తెలిస్తే?"

"తెలియనీ. నా పేరు చెప్పు."

రెండు జోళ్లూ కట్టింది. జరీచుక్కలున్న దానిమ్మరంగు మఖమల్, ఆ చిరుగుగుడ్డ అంచు కింద. లోపలి ఉన్ని ఆ చిన్న కాళ్లను మింగేసింది. ఆమె బిడ్డను రొమ్ముకు హత్తుకుని ఓపికగా కూర్చుంది. కాసేపటికి బిడ్డ ముడుచుకున్న ఒళ్లు వదిలి, గుప్పిట తెరిచి, ఆమె ముక్కు పట్టుకుంది.

గోరీ పక్కనుంచి తాత లేచి వచ్చాడు. వంగాడు. ముసలివేళ్లు ముడి మీదికి పోయాయి.

మాబున్ని ఆ చేయి పట్టుకుంది.

"ముట్టుకోవద్దు తాతా."

"విప్పుతా."

"విప్పితే మళ్లీ కడతా. నువ్వెన్ని సార్లు విప్పితే అన్ని సార్లు కడతా. ఈ బిడ్డకు ఇదే జోడు!"

కాసింసాబు మూట అందుకోబోయి ఆగాడు. జెండా ఒక్కటే తపతపలాడుతోంది.

తాత ఆమె కళ్లలోకి చూశాడు. "ఆ పదిహేడులో ఒకటి సరిగ్గానే కట్టినావు" అన్నాడు.

మాబున్ని తెల్లబోయింది. "మరి దాన్నెందుకు విప్పినావు?"

"నువ్వెందుకు విప్పనిచ్చినావు?"

ఆమె పట్టుకున్న చేయి మెల్లగా వదిలింది.

ఆ చేయి ఈసారి బిడ్డ కాళ్లకేసి పోలేదు. ఆయన నడుముకేసి పోయింది. వెదురుగొట్టాన్ని కట్టిన దారం ముడి ఎన్ని ఏళ్లదో, బిగిసి రాయైపోయింది.

అది విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.